మీడియా మీద వ్యంగ్య నాటకం: అపోహలు - వాస్తవాలు

జనాల ఇళ్లల్లోకి కెమెరాలు దూరే సంగతి మీద వ్యంగ్య నాటిక వేస్తాండామంటే చాలు, కడపలో ప్రతొక్కరూ ఒక సలహా ఇస్తారు, అందులో సగం తప్పులే, అందుకే రాస్తాండా.

అపోహ: పేరు మారిస్తే కేసు రాదు.
వాస్తవం: వస్తుందప్పా. పేరు మార్చి ఊరు, కారు, మాట తీరు అట్లే ఉంచితే ముందు వరుసలో కూర్చున్నోడు టక్కున పోల్చుకుంటాడు. అది పరువు నష్టం కేసు, పాత ఐపీసీలో సెక్షన్ 499, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 356. "జరిగిందే కదా చూపించినాం" అన్నా సరిపోదు, నిజమై ఉండాల, బయటపెట్టడంలో జనానికి మేలూ ఉండాల. కేసు సంగతి అట్లుంచు, ఎవరింట్లోకి కెమెరా దూరిందో ఆ ఇంటామె హాల్లో కూర్చోనుంటే? ఛానల్ ఒకసారి ఏడిపించింది, మనం మ్యూజిక్ పెట్టి రెండోసారి ఏడిపిస్తామా?

అపోహ: విలేకరిని విలన్ చేస్తేనే చప్పట్లు.
వాస్తవం: చప్పట్లు వస్తాయి, నాటకం చస్తుంది. మండలాల్లో రాసే చాలామంది కంట్రిబ్యూటర్లకు జీతముండదు, లైన్ అకౌంటే, అచ్చయిన లైన్లకే లెక్క, ఛానల్ స్ట్రింగర్లదీ ఇంచుమించు అదే బతుకు. వాడు చావింటికి పోయి, చెప్పులు బయట విడిచి, దండం పెట్టి "అమ్మా, ఒక్క బైట్" అని మైకు నోటి కాడ పెడతాడు చూడు, వ్యంగ్యమంతా ఆ మర్యాదలోనే ఉంది. అక్కడ యాక్టర్ నవ్వించాలని చూస్తే సీన్ పోయినట్టే. రిహార్సల్లో నేను చెప్పేదొకటే, ఆమెకు సాయం చేస్తాండానని నిజంగా నమ్ము, గొంతు పెంచొద్దు, మైకు మాత్రం వెనక్కి తీయొద్దు.

అపోహ: లీడరన్నాక ప్రైవేటు లైఫ్ ఏంది?
వాస్తవం: ఉంది. 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, పబ్లిక్ రికార్డుల్లో ఉన్నది రాయొచ్చు, పదవిలో చేసిన పనిని విమర్శించొచ్చు, పెళ్లి, పిల్లలు, సంసారం మాత్రం అడక్కుండా రాయకూడదని. 2017లో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చేసినారు. కాబట్టి కాంట్రాక్టుల మీద ఎన్ని జోకులైనా వేస్కోండి, బిడ్డ విడాకుల మీద వద్దు.

అపోహ: ఇక్కడ పద్యనాటకం తప్ప ఏదీ ఎక్కదు.
వాస్తవం: 1885లో సురభి నాటకం పుట్టిందే మన జిల్లాలో. నాటకం చూడ్డం మనోళ్లకు నేర్పాల్నా?

అపోహ: సర్కారు ఎప్పుడైనా నాటకం ఆపేయొచ్చు.
వాస్తవం: ఆ భయం 1876 నాటి చట్టంది. కలకత్తాలో ఒక లాయరు వేల్స్ యువరాజును ఇంట్లో ఆడోళ్లుండే గదుల్లోకి తీస్కపోయినాడని ప్రహసనం వేసినారు, దాంతో తెల్లదొరలకు మండి చట్టం తెచ్చినారు, అంటే అది కూడా ఒకరింటి గొడవే చూడండి. 2017 రద్దు చట్టంతో కేంద్రం దాన్ని తీసేసింది. ఆరుబయట వేస్తే మాత్రం మైకు పర్మిషన్ తీస్కోండి, రాత్రి పదికి ఆపాల.