మబ్బుల్లోంచి రన్‌వే దాకా: ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ గురించి అపోహలు - వాస్తవాలు

చలికాలంలో ఢిల్లీ ఫ్లైట్లు ఆలస్యమవడం మొదలైతే చాలు, బంధువులు, స్నేహితులు పైలట్‌నని నన్నే అడుగుతారు. బయట ఏమీ కనపడనప్పుడు పరికరాలు చూపించే దారిలో రన్‌వే వైపు దిగిరావడాన్ని ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ అంటాం. దాని గురించి ఎక్కువగా వినిపించే మాటలు ఇవి.

అపోహ: అంతా ఆటోపైలట్టే చూసుకుంటుంది.

వాస్తవం: మేం ఏ అంకె ఇస్తే అది దాన్నే పట్టుకుని పోతుంది. 2022 మే 23న పారిస్ చార్లెస్ డి గాల్‌లో ఒక ఎయిర్‌బస్ ఎ320 వానలో దిగుతోంది. ఆ రన్‌వేకి ఐఎల్ఎస్ (నేల మీది నుంచి రేడియో సంకేతాలతో దిగే దారి చూపించే వ్యవస్థ) పనిచేయడం లేదు కాబట్టి ఉపగ్రహాల సాయంతో వస్తున్నారు. ఆ రకం అప్రోచ్‌లో ఎంత ఎత్తులో ఉన్నామన్న లెక్క ఎత్తు చూపించే ఆల్టిమీటర్‌లో పెట్టే గాలి పీడనం మీద, అంటే క్యూఎన్‌హెచ్ మీద ఆధారపడుతుంది. అసలు పీడనం 1001 హెక్టోపాస్కల్స్. కంట్రోలర్ నుంచి వచ్చిన అంకె 1011. ఒక్కో హెక్టోపాస్కల్‌కు దాదాపు 28 అడుగులు, అంటే విమానం ఆల్టిమీటర్ చూపించేదానికంటే మొత్తం 280 అడుగులు కిందుంది. కాక్‌పిట్‌లో సూచీలన్నీ సరైన దారిలోనే ఉన్నట్టు చూపించాయి. రన్‌వే కనపడక గో-అరౌండ్ చేశారు, అంటే దిగకుండా మళ్లీ పైకి లేచారు కాబట్టి బతికిపోయారు. ఆ క్రమంలో విమానం నేలకు ఆరడుగుల ఎత్తు దాకా వచ్చేసింది, రన్‌వే ఇంకా కిలోమీటరుకు పైగా దూరంలో ఉంది.

అందుకే కంట్రోలర్ చెప్పిన క్యూఎన్‌హెచ్‌ని ముందు ఏటిస్‌లో (విమానాశ్రయం వాతావరణ వివరాలను రేడియోలో వినిపించే రికార్డింగ్) విన్నదానితో పోల్చి చూస్తాం. రెండూ కలవకపోతే మళ్లీ అడుగుతాం. అడగడానికి మొహమాటపడే పైలట్‌ని చూస్తే నాకు భయం.

అపోహ: ఐఎల్ఎస్ ఉంటే ఏమీ కనపడకపోయినా దిగొచ్చు.

వాస్తవం: ఐఎల్ఎస్‌లో స్థాయిలుంటాయి. మామూలు క్యాట్-1 (మొదటి స్థాయి) ఐఎల్ఎస్‌లో 200 అడుగుల ఎత్తు దగ్గర దిగాలా వద్దా అన్న నిర్ణయం తీసుకోవాలి. అప్పటికి కనీసం రన్‌వేకి ముందుండే అప్రోచ్ లైట్లయినా కనపడాలి, లేదంటే పైకి వెళ్లిపోవాలి. ఢిల్లీలో క్యాట్-3 ఉంది, 50 మీటర్లే కనిపిస్తున్నా దిగొచ్చు. కానీ దానికి రన్‌వే, విమానం, పైలట్లిద్దరూ, అందరికీ ఆ అర్హత ఉండాలి. ఒక్కటి తగ్గినా జైపూర్‌కో లక్నోకో మళ్లాల్సిందే. పక్క విమానం దిగింది, మనది ఎందుకు దిగలేదని కోపం తెచ్చుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

అపోహ: అప్రోచ్ అంటే చివరి పది నిమిషాల పని.

వాస్తవం: కిందికి దిగడం మొదలుపెట్టక ముందే సగం పని అయిపోవాలి. పైన తీరిక ఉన్నప్పుడే ఆ అప్రోచ్ చార్ట్ (మ్యాప్) తెరిచి ఇద్దరం బ్రీఫింగ్ చేసుకుంటాం. రేడియో ఫ్రీక్వెన్సీ, కోర్సు (వెళ్లాల్సిన దిశ), మినిమా (రన్‌వే కనపడకపోతే అంతకంటే కిందికి దిగకూడని ఎత్తు), చుట్టూ కొండల ఎత్తు, గో-అరౌండ్ అయితే ఎటు తిరగాలి, ఎంత ఎత్తుకు వెళ్లాలి, అక్కడి నుంచి ఎటు వెళ్లడానికి ఇంధనం ఉంది, ఇవన్నీ పైకి చదువుతాం. ఎంత వేగంగా కిందికి దిగాలన్న లెక్క కూడా ముందే వేసుకుంటాం. మూడు డిగ్రీల దారిలో నేలతో పోలిస్తే విమానం వెళ్లే వేగాన్ని (నాట్లలో) సగం చేసి చివర సున్నా పెడితే సరిపోతుంది. 140 నాట్లయితే నిమిషానికి 700 అడుగులు. అదే 1,100 కనిపిస్తుంటే ఎక్కడో లెక్క తప్పిందని అప్పుడే తెలిసిపోతుంది.

అపోహ: గో-అరౌండ్ చేశారంటే పైలట్‌కి చేతకాలేదని అర్థం.

వాస్తవం: నాకు బాధ కలిగించే మాట ఇదే. 2010 మే 22న మంగళూరులో విమాన ప్రమాదం జరిగిన రోజు వాతావరణం బాగానే ఉంది. విమానం ఉండాల్సినదానికంటే చాలా ఎత్తులో, ఎక్కువ వేగంతో వస్తోంది. కో-పైలట్ గో-అరౌండ్ అని చెప్పినా కెప్టెన్ దిగడానికే చూశారు. 158 మంది చనిపోయారు. 2020లో కోళికోడ్ ప్రమాదం మీద విచారణ నివేదిక కూడా గో-అరౌండ్ చేయకపోవడాన్నే ఎత్తిచూపింది.

రన్‌వే దగ్గరికొచ్చాక ఇంజిన్ల చప్పుడు ఒక్కసారిగా పెరిగి ముక్కు పైకి లేస్తే టెన్షన్ పడకండి. మైకులో మా మాట వెంటనే వినపడదు. ముందు విమానాన్ని పైకెక్కించాలి, చక్రాలు, ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దించే పలకలు) లోపలికి తీసుకోవాలి, కంట్రోలర్‌తో మాట్లాడాలి. అవన్నీ అయ్యాక మీకు చెబుతాం.