బున్‌రాకు: బొమ్మ వెనక ముగ్గురు, వాళ్ల వెనక సర్కారు

టోక్యోలోని నేషనల్ థియేటర్ 2023 అక్టోబరు చివర్లో మూతపడింది. 1966 నాటి ఆ భవనం స్థానంలో కొత్తది కట్టాలని రెండుసార్లు టెండర్లు పిలిచినా ఖరారు కాలేదు. దాంతో టోక్యోలో జపాన్ సంప్రదాయ బొమ్మలాట బున్‌రాకు వేరే హాళ్లు వెతుక్కోవాల్సి వచ్చింది. శిక్షణకు వచ్చే కుర్రాళ్లు తగ్గిపోతున్నారన్న బెంగ ఎలాగూ ఉంది. ఒక భవనం మూతపడితే ఒక కళ ఇంతగా ఎందుకు ఇబ్బంది పడాలో తెలియాలంటే, అది సర్కారు పంచన ఎలా చేరిందో చూడాలి.

పుట్టుకలో ఇది పచ్చి వ్యాపార కళ. 1684లో తకెమొతో గిదాయు ఒసాకాలో నాటకశాల తెరిచాడు. నాటకకర్త చికామత్సు రాసిచ్చాడు, వర్తకులు టికెట్లు కొన్నారు. మన తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించేవాళ్లే పాడతారు, మాట్లాడతారు. ఇక్కడ ఆడించేవాళ్లు నోరు మెదపరు. పాత్రలన్నిటి గొంతూ పక్కన కూర్చుని కథ పాడి చెప్పే తాయుదే, తోడుగా షామిసెన్ అనే మూడు తీగల వాద్యం మోగుతుంది. ఒక్కో బొమ్మకు ముగ్గురు మనుషులు (తల, కుడి చెయ్యికి ఒకరు, ఎడమ చెయ్యికి ఒకరు, కాళ్లకు ఒకరు) 1734లో వచ్చారు. అంటే చికామత్సు తన నాటకాల్ని ఒంటిమనిషి ఆడించే బొమ్మల కోసమే రాశాడన్నమాట.

1909 నుంచి దీన్ని షోచికు అనే వినోద కంపెనీ నడిపింది. యుద్ధం తర్వాత జీతాల దగ్గర, కార్మిక సంఘం దగ్గర గొడవ ముదిరి కళాకారులు రెండు ముఠాలయ్యారు. ఉన్న కాస్త ప్రేక్షకుల్నీ రెండుగా చీల్చుకున్నారు. చివరికి కంపెనీ చేతులెత్తేసింది. 1963లో కేంద్ర ప్రభుత్వం, ఒసాకా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది), ఒసాకా నగరపాలన కలిసి బున్‌రాకు సంఘాన్ని నిలబెట్టాయి. 1984లో ఒసాకాలో దానికంటూ జాతీయ రంగశాల వచ్చింది.

సర్కారు డబ్బు వచ్చిన చోటికి సర్కారు ప్రశ్న కూడా వస్తుంది. 2012లో ఒసాకా మేయర్ తోరు హషిమొతో నగరం ఇచ్చే 3.9 కోట్ల యెన్‌లు ఆపేస్తానన్నాడు. జనం ఎందుకు రావడం లేదన్నది అతని ప్రశ్న. అది అడగదగ్గదే. కానీ చికామత్సు నాటకం 'సొనెజాకి షింజు' చూసి, రచన పాతబడిందని విమర్శించడం మాత్రం కొంచెం నవ్వొచ్చే సంగతి. 1703 నాటి ఆ నాటకం చాలాకాలం మరుగున పడిపోయింది. ఇప్పుడు ఆడుతున్నది 1955లో తిరగరాసుకున్న రూపం. ఆ అక్టోబరులో కళాకారులు అతనితో బహిరంగంగా మాట్లాడాక ఆ ఏటి సొమ్ము విడుదలైంది. తర్వాత దాన్ని ప్రేక్షకుల సంఖ్యకు ముడిపెట్టారు.

నా లెక్కలో డబ్బుకన్నా గట్టి చిక్కు మనుషులది. నటులు ఆడే సంప్రదాయ నాటకం కబుకిలో లాగా ఇక్కడ వంశానికి పెద్దపీట లేదు, ఎవరి కొడుకైనా రావచ్చు. అందుకే 1972లో మొదలైన శిక్షణ కోర్సు ఈ కళకు ఊపిరి పోసింది. ఇవాళ వేదిక మీద ఉన్నవాళ్లలో సగానికి పైగా అందులోంచి వచ్చినవాళ్లే. కోర్సు రెండేళ్లు, మగపిల్లలకే. అసలు చదువు ఆ తర్వాత గురువు దగ్గర మొదలవుతుంది: కాళ్లు ఆడించడానికి పదేళ్లు, ఎడమ చెయ్యికి పదేళ్లు అంటారు. తల, కుడి చెయ్యి అందేసరికి నలభై దాటుతుంది. సగం జనాభాను గుమ్మం బయటే ఉంచి, కుర్రాళ్లు రావడం లేదని వాపోవడంలో అర్థమేమిటో నాకు తెలియడం లేదు.