ఎలుకల కిడ్నీలు, జెంటామైసిన్, పునర్నవ

పునర్నవ అనే ఔషధ మొక్క కిడ్నీలని కాపాడుతుందని పరిశోధనలో తేలిందంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతూనే ఉంటాయి. పరిశోధన నిజమే. కాకపోతే అందులో చాలావరకు ఎలుకల మీద చేసింది, అదీ ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకి కావాలని జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించి. ఆ మందునే ఎందుకు ఎంచుకున్నారో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1943లో అమెరికాలోని రట్గర్స్‌లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది, క్షయ మీద పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అదే. కొన్నేళ్లకే ఆ ఇంజెక్షన్లు తీసుకున్న కొందరికి తల తిరగడం, చెవుడు రావడం డాక్టర్లు గమనించారు. అదే కుటుంబానికి చెందిన జెంటామైసిన్ గురించి లోకానికి 1963లో తెలిసింది. చవకైన మందు, మొండి బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుంది, పసిపిల్లల సెప్సిస్‌కి (ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినే స్థితి) ఈరోజుకీ వాడుతున్నారు. కానీ చెవితో పాటు కిడ్నీకీ దెబ్బే: వడపోతలో దిగిన మందుని కిడ్నీ నాళికల కణాలు మళ్లీ లోపలికి లాక్కుంటాయి, అది అక్కడే పేరుకుని ఆ కణాలనే చంపుతుంది.

ఎలుకల్లో ఈ దెబ్బ వారం పది రోజుల్లో, దాదాపు ప్రతిసారీ కనిపిస్తుంది కాబట్టి ల్యాబులకి ఇదొక కొలబద్ద అయిపోయింది. మన ఫార్మసీ కాలేజీల్లోనూ ఎం.ఫార్మసీ ప్రాజెక్టుగా ఇలాంటివి చేస్తుంటారు. ఎండబెట్టిన ఆకో వేరో పొడి చేసి, ఆల్కహాల్‌తో సారం తీసి, ఒక గుంపు ఎలుకలకి జెంటామైసిన్ మాత్రమే, ఇంకో గుంపుకి దాంతో పాటు ఈ సారం కూడా ఇస్తారు. చివర్లో రక్తంలో క్రియాటినిన్, యూరియా (కిడ్నీ దెబ్బతింటే పెరిగే వ్యర్థాలు) చూసి, కిడ్నీని పలచగా కోసి రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతారు. పునర్నవ, పల్లేరు, కొండపిండి, ఇలా ఎన్నో మొక్కలు ఈ పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకున్నాయి.

నాకు ఇబ్బంది ఇక్కడే. ఎలుకకి ఇచ్చే జెంటామైసిన్ తరచుగా కిలో బరువుకి 80 నుంచి 100 మిల్లీగ్రాములు, మనిషికి రోజుకి సుమారు 5. ఒంటి సైజు తేడాని సర్దుకుని లెక్కేసినా అది రెట్టింపు పైమాటే. సారం చాలాసార్లు మందు కంటే ముందే, లేదా దాంతో పాటే మొదలవుతుంది, ఆసుపత్రిలో కిడ్నీ పాడయ్యాక వచ్చే మనిషికి ఆ వీలు ఎక్కడిది? పైగా ఆ ఎలుకలకి ఇన్ఫెక్షనే లేదు కాబట్టి, సారం కలిశాక జెంటామైసిన్ బ్యాక్టీరియాని అంతే గట్టిగా చంపుతోందా అన్నది ఆ ప్రయోగంలో తేలదు.

ఎలుకల పని వృథా అని నేననను. కణాలు ఒక్కసారికి ఇంతే మందు లాక్కోగలవని, అందుకే రోజు డోసుని మూడు ముక్కలు చేయకుండా ఒకేసారి ఇస్తే కిడ్నీలో తక్కువ పేరుకుంటుందని మొదట జంతువుల్లోనే చూశారు, తర్వాత మనుషుల్లో పరీక్షించి 1990ల్లో చాలా ఆసుపత్రులు పద్ధతి మార్చుకున్నాయి. మొక్కల సారాల్లో ఎక్కువ భాగానికి ఆ రెండో మెట్టు, అంటే మనుషుల మీద పరీక్ష, జరగనే లేదు. ఈలోగా మెసేజ్ చూసి పునర్నవ కషాయం మొదలుపెట్టే కిడ్నీ పేషెంట్ల గురించే నా టెన్షన్. ఆ మొక్కలో పొటాషియం లవణాలు ఎక్కువ, పాడైన కిడ్నీ పొటాషియాన్ని సరిగా బయటికి పంపలేదు, రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది.