నూరితే చాలు: ద్రావణి లేని ఆల్డాల్ చర్య

కర్బన రసాయన ప్రయోగశాలలో మిగిలే వ్యర్థంలో పెద్ద వాటా ద్రావణులదే. చర్య జరపడానికి ఒకసారి, ఉత్పన్నాన్ని వేరుచేయడానికి ఇంకోసారి, శుద్ధికి మరోసారి వాడతాం. మొదటి వాడకాన్ని పూర్తిగా ఎత్తేయడానికి వీలున్న చర్య ఆల్డాల్ కండెన్సేషన్. ఇందులో ఒక ఆల్డిహైడ్, ఒక కీటోన్ కలిసి, నీటిని వదిలి, ఒకే పెద్ద అణువు అవుతాయి.

3,4-డైమిథాక్సీబెంజాల్డిహైడ్ (ఆల్డిహైడ్) 0.25 గ్రాములు, 1-ఇండనోన్ (కీటోన్) 0.20 గ్రాములు తూచి పరీక్షనాళికలో వేయండి. రెండూ దాదాపు 1.5 మిల్లీమోల్ చొప్పున, అంటే అణువుల లెక్కలో సరిసమానం. రెండూ ఘనపదార్థాలే, విడివిడిగా 40 డిగ్రీల సెల్సియస్‌కి అటూఇటూగా కరుగుతాయి. (మే నెల ఎండల్లో సీసాలోనే కరిగిపోగలవు, చల్లని చోట దాచాలి.) స్పాచ్యులాతో కలిపి నలిపితే, వేడి తగలకుండానే నూనెలా జారిపోతాయి. ఒకటి రెండోదానికి కల్తీ అయి, ద్రవీభవన స్థానం గది ఉష్ణోగ్రత కంటే కిందికి దిగుతుంది. ఆ నూనే ఇక్కడ ద్రావణి.

ఇప్పుడు చర్యను నడిపే క్షారం, సోడియం హైడ్రాక్సైడ్ 0.05 గ్రాములు. ఒక్క గుళికే అంతకంటే బరువుంటుంది కాబట్టి, కల్వంలో పొడిచేసి తూచాలి. అదీ త్వరగా, లేకపోతే గాలిలోని తేమ పీల్చి తడిసిపోతుంది. చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. నూనెలో వేసి నూరుతూ ఉంటే పాకం ముదిరినట్టు చిక్కబడి గట్టిపడుతుంది. 15 నిమిషాలు వదిలేసి, 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం 2 మిల్లీలీటర్లు పోసి, లిట్మస్ ఎర్రబడిందో లేదో చూసి వడకట్టండి. పూర్తిగా జరిగితే 0.42 గ్రాములు రావాలి. విడిపోయేది నీరే కనుక, పరమాణు పొదుపు (వాడిన పదార్థాల బరువులో ఉత్పన్నంలోకి చేరే వాటా) 94 శాతం.

దిగుబడి తగ్గితే ముందు ఆల్డిహైడ్‌ని అనుమానించండి. పాత సీసాలో అది గాలికి ఆక్సీకరణం చెంది ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లం క్షారాన్ని తినేస్తుంది. నూనె కాకముందే క్షారం వేసినా చర్య అక్కడక్కడే జరుగుతుంది.

అసలు చిక్కు శుద్ధిలో ఉంది. 9:1 ఇథనాల్-నీటిలో పునఃస్ఫటికీకరణ (వేడి ద్రవంలో కరిగించి, చల్లార్చి మళ్లీ స్ఫటికాలుగా రాబట్టడం) చేసేటప్పుడు చేయి జారి 10 మిల్లీలీటర్లు పోస్తే, అరగ్రాము కూడా లేని ఉత్పన్నానికి సుమారు 8 గ్రాముల ద్రవం ఖర్చయినట్టే. మరిగే ద్రవాన్ని చుక్కచుక్కగా, కరగడానికి సరిపడా మాత్రమే కలపాలి. మిగిలిన ఇథనాల్‌ని స్వేదనం చేసి మళ్లీ వాడుకోవాలి.

ఇదే పద్ధతిని కిలోల్లో నేరుగా చేయకూడదు. చర్యలో పుట్టే వేడిని మోసుకుపోయే ద్రావణి ఉండదు కాబట్టి ముద్ద లోపల వేడెక్కిపోతుంది. అందుకే పెద్ద మోతాదుకి ట్విన్-స్క్రూ ఎక్స్‌ట్రూడర్ వాడతారు: పదార్థం కొద్దికొద్దిగా లోపలికెళ్లి, తిరిగే రెండు స్క్రూల మధ్య నలిగి, చల్లబరిచే గోడల వెంట బయటికొస్తుంది.