మిరియాల లెక్క దొరికిన ఊరు

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

"కూలిపోయిన గోడ కోసం ఎనిమిది రోజులు నడవడమెందుకు అమ్మమ్మా?" అని ఫోన్‌లో అడిగారు కదా. ఫోన్‌లో చెబితే సగమే చెప్పగలను. అందుకే ఇంగ్లండ్‌లోని ఆ హేడ్రియన్ గోడ గురించి కూర్చుని రాస్తున్నాను.

క్రీ.శ. 122లో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ బ్రిటన్ వచ్చాడు. ఆయన ఆజ్ఞతో దీవికి అడ్డంగా, తూర్పు నుంచి పడమరకు సుమారు 117 కిలోమీటర్ల గోడ లేచింది. కట్టింది మూడు లీజియన్ల (రోమన్ సైన్యపు పెద్ద దళాల) సైనికులు. ఈ గోడే ఇంగ్లండ్, స్కాట్లండ్‌ల సరిహద్దు అని చాలామంది అనుకుంటారు, కానీ గోడంతా ఇంగ్లండ్‌లోనే ఉంది. ఇంకో సంగతి. రోమన్ మైలుకొకటి చొప్పున చిన్న కోట కట్టి, ఒక్కో కోటకు ఉత్తరం వైపు తలుపు పెట్టారు. మనుషులు రాకూడదనే అయితే అన్ని తలుపులెందుకు? ఎవరు వస్తున్నారో, ఏం తెస్తున్నారో కనిపెట్టి ఉండడానికే అని నాకనిపించింది.

గోడ వెంట నడకదారిని 2003లో తెరిచారు. న్యూకాజిల్ పక్కనున్న వాల్‌సెండ్ దగ్గర మొదలై, పడమటి తీరంలో బౌనెస్ అనే చిన్న ఊళ్లో ముగుస్తుంది. మొత్తం 135 కిలోమీటర్లు. నేనూ మీ పిన్నీ కలిసి నడిచాం. మొదట్లో టైన్ నది ఒడ్డు, ఊరి వీధులే తప్ప గోడ పెద్దగా కనిపించదు. 1745లో స్కాట్లండ్‌లో రాజుపై లేచిన తిరుగుబాటు తర్వాత సైన్యం కోసం రోడ్డు వేసినప్పుడు చాలాచోట్ల ఈ రాళ్లనే పగలగొట్టి కింద పరిచేశారు. ఆ మాట విన్నప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంది.

నడిమి భాగానికి వచ్చాక మాత్రం కొండ అంచునే పాకుతూ పోయే గోడ కనిపిస్తుంది. హౌస్‌స్టెడ్స్ కోటలో ధాన్యం కొట్టు చూశాం. నేలను రాతి దిమ్మెల మీద ఎత్తుగా నిలిపారు. కిందనుంచి గాలి ఆడితే గింజలకు చెమ్మ పట్టదు. మా చిన్నప్పుడు గాదె కింద రాళ్లు పెట్టి లేపింది కూడా ఇందుకే.

నా మనసు నిలిచిపోయింది మాత్రం విండోలాండాలో. అది గోడకు కాస్త దక్షిణాన, గోడకంటే ముందే ఉన్న కోట. అక్కడ 1973లో రాబిన్ బర్లీ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడికి తడిమట్టిలో పల్చటి చెక్క ముక్కలు దొరికాయి. వాటి మీద సిరాతో రాసిన అక్షరాలున్నాయి. గాలి తగలని బురద వాటిని సుమారు 1,900 ఏళ్లు కాపాడింది. ఒకదాంట్లో ఎవరో ఎవరికో సాక్స్, రెండు జతల చెప్పులు, లోదుస్తులు పంపినట్టు ఉంది. ఆ చలిలో ఆ మూట అందినప్పుడు ఎంత సంతోషపడ్డాడో! ఇంకో దాంట్లో క్లాడియా సెవెరా అనే ఆవిడ తన పుట్టినరోజుకు రమ్మని కోట అధికారి భార్య లెపిడినాను పిలిచింది. ఉత్తరమంతా లేఖకుడు రాస్తే, చివర్లో "నీ కోసం ఎదురుచూస్తుంటాను సోదరీ" అని తనే స్వయంగా రాసుకుంది. లాటిన్‌లో ఒక స్త్రీ చేతిరాతగా మనకు తెలిసిన అతి పాతవాటిలో అదొకటి. ఇంకొక లెక్కలో గాంబాక్స్ అనే అతని పేరున మిరియాలకు రెండు దెనారియస్‌లు (రోమన్ వెండి నాణేలు) అని ఉంది. మిరియాలు అప్పట్లో అక్కడికి ఎక్కణ్ణుంచి వెళ్లాయనుకున్నారు? మన దేశపు మలబారు తీరం నుంచి! ఓడల మీద ఎర్రసముద్రం దాటి, ఎన్నో చేతులు మారి, ఆ వానల కొండల మీద ఒక మామూలు సైనికుడి కూటిలోకి చేరాయన్నమాట. అక్కడ నిలబడి మీ పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

మీరు వెళ్లినప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. గోడ ఎక్కకండి. ఊళ్లు దాటాక దారి చాలావరకు పచ్చికే కాబట్టి ఒకరి వెనక ఒకరు కాక, పక్కపక్కనే నడవండి. ఒకే గీతలో నడిస్తే గడ్డి చచ్చి, మట్టి కొట్టుకుపోయి, కింద ఇంకా తవ్వనివన్నీ పాడైపోతాయి. తడిసిన చలికాలంలో వెళ్లొద్దనేది కూడా ఇందుకే.

దారిలో ముద్రలు వేసే నడక పాస్‌పోర్టు ఈ కవర్లోనే పెట్టాను. గోడ మీదున్న బర్డోస్వాల్డ్ కోట దగ్గర వేసిన ముద్ర కాస్త చెరిగింది. ఆ రోజు వాన పడింది.

మీ అమ్మమ్మ