"మా అమ్మాయి కాస్త రంగు తక్కువండీ": కలర్ అనాలిసిస్‌పై అపోహలు - వాస్తవాలు

"మా అమ్మాయి కాస్త రంగు తక్కువండీ, లైట్ కలర్స్ మాత్రమే చెప్పండి." పెళ్లి చీరలు కొనే ముందు నా దగ్గరకు వచ్చే తల్లుల్లో చాలామంది మొదట చెప్పే మాట ఇది. పక్కనే ఉన్న అమ్మాయి తల దించుకుంటుంది. ఎవరికి ఏ రంగులు నప్పుతాయో చూసి చెప్పడం, అంటే కలర్ అనాలిసిస్, నా పని. హైదరాబాద్‌లో ఈ పని మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఆ తల దించుకోవడం చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే ముందు దాని సంగతి.

అపోహ: నల్లగా ఉన్నవాళ్లకు గాఢమైన రంగులు నప్పవు.

ఒంటి రంగు ఎంత ముదురుగా ఉందన్నది ఒక విషయం. ఆ రంగు లోపల పసుపు వైపు మొగ్గుతోందా, గులాబీ వైపు మొగ్గుతోందా అన్నది పూర్తిగా వేరే విషయం. ఈ రెండోదాన్నే అండర్‌టోన్ అంటాం. పసుపు వైపైతే వార్మ్, గులాబీ వైపైతే కూల్. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకే చామనఛాయలో ఉన్నా, అక్కకు ఆవపసుపు రంగు చీర వెలుగు తెస్తే, అదే చీరలో చెల్లెలు నీరసంగా కనిపించవచ్చు. చెల్లెలికి వంగపండు రంగు కట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

అలా తల దించుకున్న ఒక అమ్మాయికి ముందుగా వాళ్లమ్మ కోరినట్టే ఉల్లిపొర రంగు, తర్వాత లేత క్రీమ్ భుజాల మీద కప్పి చూపించాను. చర్మం మీద బూడిద చల్లినట్టయింది. కళ్ల కింద నీడలు ముదిరాయి. తర్వాత రాణి పింక్, ఆ తర్వాత నెమలికంఠం రంగు కప్పాను. వాళ్లమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇదేంటి, ఇప్పుడే ముఖం కడుక్కున్నట్టుంది" అన్నారు. అమ్మాయి అద్దం వదిలి కదల్లేదు.

కారణం ఉంది. నల్లటి జుట్టు, నల్లటి కళ్లు, ముదురు చర్మం, వాటి మధ్య తెల్లటి పలువరస. ఇంత గట్టి రూపం పక్కన గాఢమైన రంగు ఇమిడిపోతుంది. వెలిసినట్టుండే రంగు ఆ ముఖం ముందు తేలిపోయి, ముఖాన్ని కూడా దిగలాగుతుంది. అలాగని ముదురు ఛాయ ఉన్నవాళ్లందరికీ గాఢమైన రంగులే అని చెప్పను. జుట్టుకూ చర్మానికీ మధ్య తేడా తక్కువగా, మెత్తగా ఉండే ముఖాలు ఆ ఛాయలోనూ ఉంటాయి. వాళ్లకు ఇటుక రంగు, గంధం రంగు చక్కగా కుదురుతాయి. మనిషిని చూడాలి, అంతే.

పక్క రంగు ఇంత మార్పు ఎలా తెస్తుందని చాలామంది అడుగుతారు. ఫ్రాన్స్‌లో గోబెలిన్ నేతశాలలో అద్దకం విభాగానికి 1824లో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా వచ్చాడు. అక్కడి నల్ల దారం వెలిసినట్టుందని ఫిర్యాదులుండేవి. పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ లేదు. ఆ నలుపును నీలం, ఊదా దారాల పక్కన నేయడం వల్ల అలా కనిపించింది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపిస్తాయన్నమాట. మీ ముఖం కూడా ఆ నల్ల దారం లాంటిదే. పైగా గుడ్డ మీద పడిన వెలుగు గడ్డం కిందకు, మెడ మీదకు తిరిగి కొడుతుంది. పచ్చ చీర కట్టిన రోజు మెడ దగ్గర గమనించండి.

అపోహ: మణికట్టు నరాలు పచ్చగా ఉంటే వార్మ్, నీలంగా ఉంటే కూల్.

రీల్స్‌లో అందరూ చెప్పేది ఇదే. నరం ఏ రంగులో కనిపిస్తుందన్నది అది ఎంత లోతులో ఉంది, దాని మీదున్న చర్మంలో మెలనిన్ ఎంత ఉంది అన్నవాటిని బట్టి మారుతుంది. మన చర్మాల్లో చాలామందికి పచ్చగానే కనిపిస్తుంది, కొందరికి అసలు కనిపించదు. దీన్ని నమ్మితే మనలో ఎక్కువమంది వార్మ్ కిందే తేలిపోతారు. బంగారం నప్పితే వార్మ్, వెండి నప్పితే కూల్ అనే పరీక్ష కూడా నేను వాడను. పుట్టినప్పటి నుంచి బంగారమే అందమని చూసి పెరిగిన కన్ను బంగారానికే ఓటేస్తుంది.

అపోహ: ప్రతి మనిషీ నాలుగు ఋతువుల్లో ఒకదానికి చెందుతారు.

1919లో జర్మనీలో మొదలైన బౌహౌస్ కళాశాలలో పాఠాలు చెప్పిన యోహానెస్ ఇట్టెన్, విద్యార్థులు ఇష్టపడి ఎంచుకునే రంగులకూ వాళ్ల రూపానికీ పోలిక ఉందని గమనించాడు. ఆ ఆలోచన తర్వాత అమెరికా చేరి, 1980లలో చర్మం, జుట్టు, కళ్ల రంగును బట్టి మనుషులను స్ప్రింగ్, సమ్మర్, ఆటమ్, వింటర్ అని విడదీసే పద్ధతిగా ఇంటింటికీ పాకింది. ఆ పద్ధతికి మూలం రాగి జుట్టు, బంగారు జుట్టు, నీలికళ్లు ఉన్న జనం. జుట్టు, కళ్లు అందరికీ నల్లగానే ఉండే చోట దాన్ని యథాతథంగా వాడితే అందరూ వింటర్ లేదా ఆటమ్‌లో పడిపోతారు. తర్వాత వచ్చిన పన్నెండు విభాగాల పద్ధతి కొంత మేలు.

నేను ఋతువు పేరు చెప్పడం మానేశాను. మూడే ప్రశ్నలు అడుగుతాను. రంగు పసుపు వైపు మొగ్గాలా, నీలం వైపా? లేతగా ఉండాలా, ముదురుగానా? స్వచ్ఛంగా ఉండాలా, కాస్త మట్టి కలిసినట్టుండాలా? ఎరుపునే తీసుకుంటే మిరపపండు ఎరుపు, మెరూన్, ఇటుక రంగు మూడూ ఎరుపులే. "నాకు ఎరుపు నప్పదు" అన్నవాళ్లకు ఈ మూడింట్లో ఒకటైనా కుదరకపోవడం నేను దాదాపుగా చూడలేదు.

అపోహ: ఫోటో పంపితే చాలు, యాప్ చెప్పేస్తుంది.

ఫోన్ కెమెరా తనంతట తానే రంగులు సరిచేస్తుంది, చర్మాన్ని తెల్లగా, నున్నగా చేస్తుంది. అదే ముఖానికి పొద్దున ఒక జవాబు, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఇంకో జవాబు వస్తాయి.

వెలుగు సంగతి చీరల షాపుల్లోనూ అంతే. షాపులో చీరకు సరిగ్గా కలిసిన జాకెట్టు గుడ్డ ఇంటికొచ్చాక కలవకపోవడం మీకూ జరిగే ఉంటుంది. రెండు వేర్వేరు అద్దకాలు ఒక లైటు కింద ఒకేలా, ఇంకో లైటు కింద వేరుగా కనిపించడాన్ని మెటామెరిజమ్ అంటారు. మన అమ్మమ్మలు చీరను షాపు గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి ఎండ వెలుగులో చూసేవాళ్లు. నా గదిలో కిటికీ ఉత్తరం వైపు ఉంది, చూడటం పగలే. కారణం అదే. లైటు తప్పనిసరైతే సీఆర్‌ఐ (లైటు రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90 దాటినది వాడతాను.

అపోహ: నలుపు అందరికీ నప్పుతుంది.

నప్పదు. కొందరి ముఖంలో మంగు మచ్చలను, కళ్ల కింది నలుపును అది ఎత్తి చూపిస్తుంది. సన్నగా కనిపించాలనే టెన్షన్‌తో నలుపే కొనేవాళ్లు ముదురు నేవీ బ్లూ, నేరేడు రంగు ఒకసారి ప్రయత్నించండి.

అపోహ: ఒకసారి చూపించుకుంటే జీవితాంతం అదే, మిగతా రంగులన్నీ బీరువాలోంచి తీసేయాలి.

జుట్టు నెరిస్తే, గోరింటాకు పెట్టి రాగి రంగు వస్తే మళ్లీ చూసుకోవడం మంచిది. ఇది రక్తపరీక్ష కూడా కాదు. ఇద్దరు అనుభవమున్నవాళ్లు ఒకే మనిషి గురించి కొంచెం తేడాగా చెప్పవచ్చు.

ఏ చీరా తీసేయనక్కర్లేదు. ముఖానికి దగ్గరగా ఉండేది జాకెట్టు, భుజం మీద పైట. గద్వాల్ చీర మధ్య భాగం రంగు మీకు నప్పకపోయినా అంచు రంగు నప్పితే, ఆ అంచు రంగులోనే జాకెట్టు కుట్టించుకోండి. మధుపర్కాల తెలుపు గురించి భయపడే పెళ్లికూతుళ్లకూ ఇదే చెబుతాను. ఎర్ర అంచు మెడ దగ్గరకు వచ్చేలా పైట సర్దించుకోండి, నుదుట బొట్టు, మెడలో దండ ఎలాగూ ఉంటాయి.

నా దగ్గరకు వచ్చినా, ఇంట్లో అద్దం ముందు మీరే చూసుకున్నా, ఆ రోజు మేకప్, ముఖానికి పసుపు వద్దు. పసుపు రాసుకున్న చర్మం ఎవరిదైనా వార్మ్‌గానే కనిపిస్తుంది. రంగు వేసిన జుట్టైతే తెల్ల గుడ్డ చుట్టండి. పగటిపూట కిటికీకి ఎదురుగా కూర్చోండి. వెంట మీకు బాగా నచ్చిన చీర ఒకటి, ఎవరో వద్దన్నందుకు కట్టడం మానేసిన చీర ఒకటి తెచ్చుకోండి. నేను ముందు ఆ రెండోదే కప్పి చూస్తాను.