దూబగుంట రాత్రి బడి

సారా వ్యతిరేక ఉద్యమం అనగానే అందరికీ నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తొస్తుంది. దానికి ఊపిరి పోసిన రాత్రి బడిని మాత్రం ఎవరూ తలుచుకోరు. పెద్దవాళ్లకు చదువు చెప్పే పని ఇప్పుడు ‘ఉల్లాస్’ పేరుతో మళ్లీ నడుస్తోంది కాబట్టి ఆ బడి కథ చెప్పుకోవాలి.

దేశమంతటా వయోజన విద్యా కార్యక్రమం 1978 అక్టోబరు 2న మొదలైంది. పదేళ్లకు జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది. 1990లో కేరళలోని ఎర్నాకుళం జిల్లా సంపూర్ణ అక్షరాస్యత సాధించడంతో మిగతా జిల్లాలకూ ఊపొచ్చింది. నెల్లూరు జిల్లా 1991లో రంగంలోకి దిగింది. ఆ ఏటి జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ల అక్షరాస్యత 32.7 శాతమే.

ఈ రాత్రి బడుల్లో చదువు చెప్పేది జీతం తీసుకోని వాలంటీర్లు. కూలికి వెళ్లొచ్చి, వంట చేసి, అంట్లు తోముకుని, పిల్లల్ని నిద్రపుచ్చి పలక పట్టుకునేవాళ్లు ఆడవాళ్లు. కొడవలి పట్టిన చేతికి బలపం ఒక పట్టాన లొంగదు. కాస్త గట్టిగా నొక్కితే పుటుక్కున విరుగుతుంది. మూడు వాచకాలు, దాదాపు 200 గంటల చదువు.

నా దృష్టిలో అసలు బలం అక్షరాల్లో కంటే పాఠం చుట్టూ నడిచిన మాటల్లో ఉంది. వాచకంలో ‘సీతమ్మ కథ’ ఉండేది. అందులో ఊరి ఆడవాళ్లు ఒక్కటై సారా కొట్టు మూయిస్తారు. అది చదివాక ఎవరి ఇంటి గోడు వాళ్లు చెప్పుకోకుండా ఎలా ఉంటారు? ‘వారుణి వాహిని’ పేరుతో సర్కారే ప్యాకెట్లలో సారా అమ్మించిన రోజులవి. మగవాళ్ల కూలి డబ్బులు ఇల్లు చేరకుండానే అయిపోయేవి.

కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి ఆడవాళ్లు కథను నిజం చేశారు. వాళ్ల పోరాటమే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అని తర్వాతి వాచకంలో పాఠమైంది. పక్క ఊళ్లవాళ్లు కూడబలుక్కుని చదివారు, చదివి లేచారు. 1992లో నెల్లూరులో సారా అమ్మే హక్కుల వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలిపోయింది.

సారా మీద గెలిచినవాళ్లు అక్కడితో ఆగలేదు. రోజుకో రూపాయి దాచుకుంటూ ‘పొదుపులక్ష్మి’ సంఘాలు పెట్టుకున్నారు. పొదుపు పుస్తకంలో తన పేరు పక్కన వేసిన అంకె సరిగ్గా ఉందో లేదో తనే చూసుకోవడానికి రాత్రి బడి చదువు అక్కరకొచ్చింది.